రెండో చేయి

రోజు 1

మధ్యాహ్నం తూర్పులంకకు చేరాను. రేవులో ఒకావిడ ఎదురుచూస్తోంది. అరవై ఏళ్ళుంటాయి, నాకన్నా పొడుగు. పేరు వరహాలమ్మ. ఇక్కడి ఫిరంగికి మొదటి చేయి ఆవిడే. నా పెట్టె లాక్కుని తానే మోసింది.

"పంపుల ఇంజనీరంట గదండి మీరు. మా మంచినీళ్ళ పంపు నెల్నాళ్ళ నుంచి మూలుగుతుంది. తర్వాత చూద్దురుగాని. ముందు ఫిరంగి చూడండి."

చూశాను. మా గవ్వలలంకలో ఉన్నటువంటిదే. గదిలో రెండు ఇనప పిడులు, ఒకదానికొకటి తొమ్మిది అడుగుల దూరంలో. రెండూ ఒకేసారి తిప్పితేనే ఫిరంగి పేలుతుంది. మొదటి పిడి ఈ లంక మనిషిది, రెండోది వేరే లంక నుంచి వచ్చిన మనిషిది. కూటమిలోని ఆరు లంకల్లోనూ ఇదే పద్ధతి. ఇలా ఉంటే ఏ లంకా ఇంకో లంక మీదికి ఫిరంగి తిప్పలేదని కూటమి పెట్టినవాళ్ళ ఆలోచన. ఇరవై మూడేళ్ళలో ఎవరూ అలా తిప్పలేదు.

ఏడాదిపాటు ఇక్కడ రెండో చేయి నేను. ఈ పుస్తకం రాయడం కూడా ఆ పనిలో భాగం. జరిగింది జరిగినట్టు రాయమన్నారు.

రోజు 2

రెండో చేయి ఎక్కడికి వెళ్ళినా వారాలు చేసుకుని తినాలి. వారంలో రోజుకొక ఇల్లు, ఏడు ఇళ్ళు. సొంతంగా వండుకోకూడదు. ఒకే ఇంట్లో తింటే ఆ ఇంటివాడవుతాడనీ, ఎక్కడా తినకపోతే ఎవరివాడూ కాడనీ ఈ నియమం.

వరహాలమ్మ జాబితా చదివింది. సోమవారం తన ఇల్లు. బుధవారం లంక పెద్ద బుల్లబ్బాయి గారిల్లు. శనివారం దగ్గర ఆగి నా మొహం చూసింది.

"శనివారం ధనరాజు ఇల్లండి. చీటీలో రాలేదు. వాళ్ళమ్మ సన్యాసమ్మ అడిగి తీసుకుంది. మీరు కాదంటే మార్చేస్తాను."

మార్చవద్దన్నాను.

కారణం ఇక్కడే రాస్తాను. నా భార్య సుభాషిణి గవ్వలలంకలో సముద్రపు పోటు కొలతలు తీసేది. పదహారు నెలల క్రితం సముద్రంలో కావలి కాసే నాలుగో మంచె మీద ఉండగా దండు పడవల కాల్పుల్లో పోయింది. దండు అంటే ఉత్తరం నుంచి వచ్చే దోపిడీ గుంపు. ఆ రోజు మా ఫిరంగికి రెండో చేయి ధనరాజు. తొమ్మిది నిమిషాలు ఆగి పిడి తిప్పాడు.

నాకు వేరే లంకలు చూపించారు. ఇదే కావాలని అడిగాను. ఆ తొమ్మిది నిమిషాల్లో అతను ఏం చేశాడో తెలుసుకోవాలి.

రోజు 6

శనివారం. ధనరాజుకు నలభై దాటలేదు. వలలు బాగు చేస్తాడు. నేను తిన్నంతసేపూ గుమ్మంలో కూర్చుని దారం పేనుతూనే ఉన్నాడు. తల ఎత్తలేదు. సన్యాసమ్మే మాట్లాడింది. చింతచిగురు రొయ్యలు వేసి వండింది.

"ఇంకొంచెం ఎయ్యనా బాబూ?"

"చాలండి."

"చాలంటారు, ఎముకలు లెక్కెట్టొచ్చు మిమ్మల్ని చూస్తే."

నేను ఏమీ అడగలేదు. అతనూ చెప్పలేదు.

రోజు 38

పంపు మూలుగు పోయింది. లోపల బేరింగు అరిగింది. ఇక్కడ ఆ కొలతది లేదు, కూటమి పడవలో పుల్లేటి లంక నుంచి తెప్పించారు. నాలుగు రోజుల్లో వచ్చింది. లంకలో ఆడవాళ్ళు నన్ను పేరు పెట్టి పలకరించడం ఈ వారం నుంచే.

ఉదయం పని: ఫిరంగి అద్దం మీద ఉప్పు తుడవడం, పిడికి నూనె, దుర్భిణి సరిచూడడం. సాయంత్రం బాటరీల లెక్క. ఈ ఫిరంగి గుండ్లు వేయదు. వేడి కిరణం వేస్తుంది, పడవల ఇంజన్లు మాడిపోతాయి. ఒకసారి పేలితే లంకలో బాటరీలన్నీ ఖాళీ. ఎండ బాగా కాసినా మళ్ళీ నిండడానికి నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ ఉప్పునీటిని మంచినీరు చేసే యంత్రం ఆగుతుంది.

బుధవారం కాబట్టి బుల్లబ్బాయి గారింట్లో భోజనం. ఆయన మనసులో మాట దాచుకోరు.

"ఏడాదికి పన్నెండు మందిని పంపుతున్నామండి కూటమికి. మన ఎండలో మూడో వంతు కరెంటు వాళ్ళ పడవలకే పోతుంది. అంతా చేసి, మా ఫిరంగి పేలాలంటే పక్కూరాయన ఊఁ అనాలి. మా పొయ్యి అంటించుకోడానికి పక్కింటోణ్ణి అడిగినట్టుంది."

"మీరు పొయ్యి ఎప్పుడంటించేరు గనక," అంది ఆయన భార్య లోపలి నుంచి.

ఆయన వినిపించుకోలేదు. ఈ పుస్తకం లెక్కలో నూట ఎనభయ్యో రోజున లంక సభ ఉందట. కూటమిలో ఉండాలా, బయటికి వచ్చేయాలా అని చేతులెత్తుతారు. బయటికి వస్తే రెండు పిడులనూ కలిపి ఒకటి చేసేస్తారు.

"మీరు సభలో ఒక్క ముక్క చెప్పాలి పట్టాభి గారూ. కల్పించి చెప్పక్కర్లేదు. మీ ఇంట్లో జరిగింది, అంతే. తొమ్మిది నిముషాలు."

ఆలోచిస్తానన్నాను. చెప్పాలనే ఉంది. అది కూడా రాస్తున్నాను.

రోజు 90

శనివారం. సన్యాసమ్మ పక్కింటికి మజ్జిగ కోసం వెళ్ళింది. ధనరాజు దారం పక్కన పెట్టాడు.

"మీరు అడుగుతారని మూణ్ణెల్లుగా చూస్తన్నానండి. మీరు అడగరు. నేనే చెప్పేస్తాను."

"చెప్పండి."

"ఆ పడవల మీద కూటమి జెండా ఉందండి. మీ వాళ్ళవేమో అనుకున్నాను. అద్దంలో చూసేను, లెక్క పెట్టేను, మంచె మీంచి దీపం సైగ చేస్తే జవాబు కోసం చూసేను. అదంతా నాలుగు నిముషాలు. జెండా దొంగిలించిందని అప్పుడే తెలిసిపోయింది నాకు. మిగతా ఐదూ నాకు చేతులు రాలేదండి. పిడి మీదే ఉన్నాయి చేతులు. తిరగలేదు."

ఎవరితోనైనా చెప్పారా అని అడిగాను. లేదన్నాడు. పుస్తకంలో తొమ్మిది నిమిషాలు పరిశీలన అని రాశాడట.

సన్యాసమ్మ మజ్జిగ తెచ్చింది. అన్నంలో పోసుకుని తిన్నాను. అతని మీద కోపం వస్తుందని ఇన్నాళ్ళూ ఎదురుచూశాను. వచ్చింది గాని నేను అనుకున్నంత లేదు. అబద్ధం చెప్పి ఉంటే సులువుగా ఉండేది.

రోజు 118

సుభాషిణి పుట్టినరోజు. ఆవిడకు పుట్టినరోజులు ఇష్టం లేదు, వయసు పెరుగుతుందని కాదు, పాయసం చేయాల్సి వస్తుందని. అద్దం తుడిచాను. గాలి ఆగ్నేయం నుంచి. పడవలేవీ లేవు.

రోజు 171

తెల్లవారి ఐదుంబావుకు మంచు పొరలో పడవలు కనబడ్డాయి. రెండో మంచె నుంచి సూరిబాబు గారు దీపంతో సైగ చేశారు: పందొమ్మిది, ఉత్తరం నుంచి, జెండాలు లేవు. సూరిబాబు గారు వరహాలమ్మ భర్త. మంచె ఒడ్డు నుంచి నాలుగు వందల గజాల దూరంలో నీళ్ళలో ఉంటుంది.

వరహాలమ్మ అప్పటికే పిడి పట్టుకుంది.

"పట్టాభి గారూ, తిప్పుదాం."

"మంచె దీపానికి ఆ పడవల జవాబు రానివ్వండి."

"జెండా లేదు, జవాబు లేదు. ఇంకేం కావాలండి?"

దుర్భిణిలో చూశాను. పడవలు నీళ్ళలో బాగా లోతుగా, బరువుగా ఉన్నాయి. దండు పడవలు ఖాళీగా వస్తాయి, పైకి తేలుతాయి. రెండో వరస పడవలో ఏదో నల్లగా కదులుతోంది. అద్దం సరిచేసుకున్నాను. గేదెదూడ.

దోపిడీకి వచ్చేవాడు దూడను వెంటబెట్టుకురాడు.

"వీళ్ళు దండు కాదు. పారిపోయి వస్తున్నారు."

"అయితే ఆ కాల్పులెవరివి?"

అప్పుడే నాకూ వినబడ్డాయి. వాళ్ళ వెనక మంచులోంచి మూడు పడవలు, వేగంగా. పారిపోయి వస్తున్నవాళ్ళ మీద కాలుస్తున్నాయి. మా రెండో మంచె మీద కూడా.

ఫిరంగి కిరణం సన్నగా పోదు. చాప పరిచినట్టు పోతుంది. ఇప్పుడు తిప్పితే ముందు మాడేది ఆ పందొమ్మిది పడవలే. రేవు ముందు నీళ్ళలో తేలే గుర్తు, ఎర్ర బోయా, దాటి అవి ఇవతలికి రావాలి.

"ఎర్ర బోయా దాటనివ్వండి," అన్నాను.

"మా ఆయన అక్కడున్నాడు."

"తెలుసండి."

"తెలిసీ ఆగుతారా?"

ఆవిడ పిడి వదల్లేదు. తిట్టింది. నన్ను, మా లంకను, నేను తిన్న సోమవారాలను. లెక్కపెట్టాను. పదిహేడు దాటాయి. పద్దెనిమిది. పందొమ్మిదోది తెడ్లతో వస్తోంది, ఇంజను లేదు. ఒక్కదాని కోసం ఆగాలా అన్న ఆలోచన వచ్చింది. వచ్చిందని రాస్తున్నాను.

అది దాటింది. "ఇప్పుడు," అన్నాను. ఇద్దరం కలిసి తిప్పాం.

మూడు పడవల ఇంజన్లూ మాడిపోయాయి. దండువాళ్ళు తొమ్మిది మంది దొరికారు. లంకంతా కరెంటు పోయింది.

సూరిబాబు గారి ఎడమకాలికి తూటా తగిలింది. సాయంత్రం మోకాలి కింది నుంచి తీసేశారు.

మొదటి సైగ నుంచి పిడి తిప్పేదాకా ఆరు నిమిషాలు. అందులో నాలుగు అవసరమైనవని నాకు నమ్మకం. మిగతా రెండింటి గురించి చెప్పలేను.

రోజు 173

వచ్చినవాళ్ళు మొగలిలంకవాళ్ళు. రెండు వందల పన్నెండు మంది. వాళ్ళది కూటమిలో చేరని లంక. ఎవరి చేయీ మా ఊళ్ళో వద్దన్నారప్పట్లో. ఫిరంగి ఉంది, ఒకటే పిడి. సోమవారం దండు వస్తే వెంటనే కాల్చారు, తరిమేశారు. మంగళవారం దండు మళ్ళీ వచ్చింది. బాటరీల్లో ఏమీ లేదు. నింపడానికి వచ్చేవాళ్ళు ఎవరూ లేరు.

మాకు నిన్న సాయంత్రమే పుల్లేటి లంక బాటరీ పడవలు రెండు వచ్చాయి. ఇవాళ మా గవ్వలలంక నీళ్ళ పడవ వచ్చింది. నడిపినవాడు నాకు తెలిసినవాడే. నన్ను చూసి, "ఏంటండీ, నీళ్ళు మన దగ్గరే బాగుంటాయని చెప్పలేదా వీళ్ళకి?" అన్నాడు. చాలా రోజుల తర్వాత నవ్వు వచ్చింది.

రోజు 176

సోమవారం. వరహాలమ్మ ఇంటికి వెళ్ళాలా మానాలా అని రేవులో చాలాసేపు నిలబడ్డాను. వారం తప్పితే ఆ ఇంటిని అవమానించినట్టు. వెళ్ళాను.

ఆకు వేసి ఉంది. ఆవిడ వడ్డించింది. సూరిబాబు గారు మంచం మీద దిండుకు చేరగిలపడి ఉన్నారు.

"ఒక్క సంగతి చెప్పండి," అన్నారాయన. "మీరు ఆగుతున్నట్టు నాకెలా తెలుస్తుందండి? ఇప్పుడు పేలుతుంది, ఇప్పుడు పేలుతుందనుకుని దీపంతో పడవల దూరం చెబుతా నిలబడ్డాను అక్కడ. ఆగుతున్నారని తెలిస్తే కిందకి దిగి తూటాలకి అడ్డం పెట్టిన దుంగల వెనకాల కూచునేవోణ్ణి. నాకేం సరదానా?"

ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఫిరంగి గది నుంచి బయటికి ఏ తీగా, ఏ సైగా వెళ్ళకూడదని కూటమి నియమం. ద్రోహం జరుగుతుందన్న భయంతో పెట్టారు. అందువల్ల పిడుల దగ్గర ఆగుతున్నారన్న సంగతి ఆ ఇద్దరికే తెలుస్తుంది. మంచెల మీద ఉన్నవాళ్ళకు తెలియదు. ఇరవై మూడేళ్ళలో ఇది ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. సుభాషిణి పోయాక కూడా నేను నిమిషాలే లెక్కపెట్టాను. ఆ నిమిషాల్లో ఆవిడ మంచె మీద ఎందుకు నిలబడి ఉందని అడగలేదు.

మా పంపుహౌసులో కాలవలోకి నీళ్ళు వదిలే ముందు గంట కొడతాం. కాలవలో ఎవరైనా ఉంటే ఎక్కేస్తారు. ఇరవై ఆరేళ్ళు ఆ గంట కొట్టాను.

రోజు 180

సభ. వల ఆరేసే మైదానంలో. మొగలిలంకవాళ్ళు ఒక పక్కన కూర్చున్నారు, వాళ్ళకు చెయ్యెత్తే హక్కు లేదు.

బుల్లబ్బాయి గారు లెక్కలన్నీ చెప్పారు. పన్నెండు మంది, మూడో వంతు కరెంటు, సూరిబాబు కాలు. అందులో ఒక్కటీ అబద్ధం కాదు. తర్వాత నన్ను లేవమన్నారు.

"మీ భార్య ఎలా పోయిందో చెప్పండి పట్టాభి గారూ."

చెప్పాను. జెండా, తొమ్మిది నిమిషాలు, నాలుగో మంచె. ధనరాజు వెనక వరసలో నిలబడి ఉన్నాడు. చేతులు రాలేదన్న మాట నేను చెప్పలేదు. అతనే ముందుకు వచ్చి చెప్పాడు. సన్యాసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"విన్నారుగా," అన్నారు బుల్లబ్బాయి గారు. "ఒక్క చేయి అయితే ఆవిడ బతికేది."

"బతికేదేమో," అన్నాను. "ఒక్క చేయి అయితే మొన్న ఈ రెండు వందల పన్నెండు మందీ మాడిపోయేవారు. నా భార్యకు బదులు వీళ్ళు పోవాల్సిందని నేను అనలేను. వీళ్ళకు బదులు ఆవిడ పోవాల్సిందనీ అనలేను. రెండు వేరు వేరు."

వరహాలమ్మ లేచింది.

"నేను చెబుతానండి. ఆ పిడి నా ఒక్కదాని చేతిలో ఉంటే తిప్పేసేదాన్ని. మొదటి నిముషంలోనే. ఇవాళ మా ఆయనకి రెండు కాళ్ళూ ఉండేవి. అదిగో, ఆ పిల్లలు ఉండేవారు కాదు. ఈయన్ని నేను తిట్టిన తిట్లు తిట్టినవే, వెనక్కి తీసుకోను. కాని ఆ పని చేసి ఈ పిల్లల మొహాలు చూసుకుంటా బతకడం నావల్ల కాదు. నాకు కాలూ కావాలి, పిల్లలూ కావాలి. దానికేం చెయ్యాలో చెప్పండి. కూటమిలో ఉంటామా, పోతామా తర్వాత సంగతి."

నేను గంట సంగతి చెప్పాను. తీగ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. రెండో పిడి దగ్గర నేల మీద ఒక చెక్క. ఆగాలనుకున్నవాడు దాని మీద కాలు పెడతాడు. తాడు లాగుతుంది, బయట పెద్ద గంట మోగుతుంది. మోగినంతసేపూ మంచెల మీదివాళ్ళు దిగి దుంగల వెనక్కి వెళ్ళాలి. దూరం చెప్పక్కర్లేదు.

"గదిలోంచి సైగ పోకూడదని నియమం," అన్నారు బుల్లబ్బాయి గారు.

"నియమం మార్చమని ఆరు లంకల్నీ అడగాలండి."

"వాళ్ళు మారుస్తారా?"

"బయటికి పోయినవాళ్ళు అడిగితే మార్చరు. లోపలున్నవాళ్ళు అడిగితే వింటారు."

అది వాదన కోసం అన్న మాట కాదు. నాకు అప్పుడే అలా అనిపించింది.

ఉండాలన్నవాళ్ళు నూట ఎనభై ఎనిమిది. వద్దన్నవాళ్ళు నూట నలభై ఒకటి. బుల్లబ్బాయి గారు లెక్క రెండుసార్లు సరిచూసి ఒప్పుకున్నారు.

"సరే, గంటలు కొట్టుకుంటా బతుకుదాం," అన్నారు. వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగారు. "కంచు కావాలి గదా. మా నాన్న పడవది కంచు ప్రొపెల్లరు ఒకటుంది, కొట్లో పడుంది. పట్టుకెళ్ళండి."

రోజు 213

ఆరు లంకల్లో నాలుగు గంటకు ఒప్పుకున్నాయి. ఒకటి చూద్దామంది. ఒకటి జవాబివ్వలేదు. నాలుగు చాలు, నియమం మారింది.

మొదటి గంట నిన్న పోత పోశారు. ఒక పక్క వంకర. మోత మాత్రం రెండో మంచె దాటి వినబడింది. ధనరాజు తాడు పేనాడు. ఉప్పుగాలికి తెగకుండా తారు పట్టించాడు. ఆ పని నేను అడగలేదు.

మొగలిలంకవాళ్ళు కూటమిలో చేరతామని అర్జీ పెట్టారు. మొదటగా పంపాల్సిన మనుషుల్లో తన పేరు రాయమని వాళ్ళ పెద్ద అడిగాడట. వాళ్ళ పిల్లలు దూడను రోజూ ఫిరంగి గది ముందు కట్టేస్తున్నారు. పేడ నేనే ఎత్తుతున్నాను.

రోజు 251

రెండో గంటతో గవ్వలలంకకు వెళ్ళాను. వారం సెలవు ఇచ్చారు, నా బదులు రెండో పిడి దగ్గర పుల్లేటి లంక మనిషి కూర్చున్నాడు. సన్యాసమ్మ దారిలో తినడానికి ఎండురొయ్యల పొడి కట్టి ఇచ్చింది.

గంట బిగించడానికి ఒక పూట పట్టింది. నాలుగో మంచె మీద ఇప్పుడు పోటు కొలతలు తీసేది నాగమల్లి అని ముప్ఫై ఏళ్ళ ఆవిడ. పరీక్షకు కొడతామని ఆవిడకు ఎవరో చెప్పారనుకున్నాను. ఎవరూ చెప్పలేదట.

చెక్క మీద కాలు పెట్టాను. గంట మోగింది.

దుర్భిణిలో చూశాను. ఆవిడ చేతిలోది పక్కన పడేసి నిచ్చెన దిగింది. దుంగల వెనక్కి వెళ్ళి కూర్చుంది. తల కనబడలేదు. కాలు తీశాను. పడవ వేసుకుని మంచె దగ్గరికి వెళ్ళాను.

"ఇంకోసారి కొట్టేటప్పుడు ముందు చెప్పండి బాబూ," అంది. "చద్దన్నం కలుపుకుంటున్నాను. గిన్నె నీళ్ళలో పడిపోయింది."

నా దగ్గరున్న రొయ్యల పొడి ఇచ్చాను. అన్నమే లేకపోతే పొడి దేనికి అంది. అయినా తీసుకుంది.

దిగడానికి నలభై మూడు సెకన్లు పట్టింది. నిచ్చెనకు కింది నుంచి మూడో మెట్టు వదులుగా ఉంది. రేపు బిగించాలి. ముప్ఫై సెకన్లలో దిగగలగాలి.